పైమాడ్‌బస్ 2 నుంచి 3కి: మిల్లు మీటర్ల ప్రోగ్రామ్‌ను చెడగొట్టకుండా మార్చుకునే పద్ధతి

ఎస్‌డీ కార్డు పోయింది. కొత్త కార్డులో రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ వేశారు, పాత పైథాన్ ప్రోగ్రామ్ కాపీ చేశారు, పిప్‌తో పైమాడ్‌బస్ (మీటర్లతో మాడ్‌బస్ భాషలో మాట్లాడే పైథాన్ లైబ్రరీ) ఇన్‌స్టాల్ చేసి నడిపారు. మొదటి లైన్లోనే "పైమాడ్‌బస్ డాట్ క్లయింట్ డాట్ సింక్ అనే మాడ్యూల్ లేదు" అని ఆగిపోయింది. మిర్యాలగూడ, సూర్యాపేట వైపు రైస్ మిల్లుల్లో, జడ్చర్ల వైపు ఫ్యాక్టరీల్లో మీటర్లు చూసుకునే కుర్రాళ్లు నన్ను పదే పదే అడిగేది ఇదే. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే సగం సగం చేసి ఇంకో చోట ఇరుక్కుంటున్నారు, అందుకే మొత్తం వరుసగా రాస్తున్నాను.

అసలు విషయం ముందే చెప్తాను. ఈ పనిలో ఎర్రర్ వస్తే భయపడాల్సింది లేదు, అది ఎక్కడ తప్పో చూపిస్తుంది. ఎర్రర్ ఏమీ రాకుండా తప్పు అంకె వచ్చినప్పుడే అసలు నష్టం. కాబట్టి ప్రోగ్రామ్ నడిచింది కదా అని ఆగకండి. మీటర్ ముఖం మీద కనిపించే అంకె, మీ ఫైల్లో పడే అంకె ఒకటే అయ్యేదాకా పని అయినట్టు కాదు. కింద ఉన్న మెట్లన్నీ దానికోసమే.

కోడ్‌లోని పేర్లను పలికినట్టే రాస్తున్నాను. ఫంక్షన్ పేర్లు టైప్ చేసేటప్పుడు అన్నీ చిన్న అక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్‌తో వేసుకోండి. ఈజ్ ఎర్రర్‌కు మాత్రం అండర్‌స్కోర్ లేదు, కలిపి రాసి ఎర్రర్‌లోని మొదటి 'ఈ'ని పెద్దక్షరంగా వేయాలి.

## 1. ముందు ఈ రోజు పని ఆగకుండా చూడండి

మిల్లు నడుస్తోంది, రీడింగులు ఆగిపోయాయి, సేటు అడుగుతున్నాడు. ఆ టెన్షన్‌లో కూర్చుని కొత్త వెర్షన్‌కు కోడ్ మార్చవద్దు. ముందు పాతదాన్నే లేపి నిలబెట్టండి.

2 శ్రేణిలో చివరి వెర్షన్ 2.5.3. పిప్‌కు ఉత్త పేరు ఇస్తే కొత్తది దిగుతుంది. పేరు పక్కన రెండు ఈక్వల్ గుర్తులు పెట్టి 2.5.3 అని రాస్తే పాతదే దిగుతుంది.

బుక్‌వార్మ్ ఓఎస్ అయితే పిప్ నేరుగా ఇన్‌స్టాల్ చేయనివ్వదు, "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అంటుంది. దాన్ని బలవంతంగా దాటించే ఆప్షన్ ఒకటి ఉంది కానీ వాడకండి. ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఒక వెన్వ్ (ఆ ప్రాజెక్టుకే విడిగా ఉండే పైథాన్ అమరిక) చేసి, అందులో 2.5.3 వేయండి. తర్వాత కొత్త వెర్షన్‌కు ఇంకో వెన్వ్ చేస్తాం, అప్పుడు రెండూ ఒకదాన్నొకటి తగలకుండా పక్కపక్కన ఉంటాయి.

సింక్ క్లయింట్ (ఒక మీటర్ జవాబు వచ్చాకే ముందుకు పోయేది) వాడే మామూలు ప్రోగ్రామ్ అయితే దీంతో లేస్తుంది. ఒక మీటర్ చదివి చూసుకుని సర్వీస్ ఆన్ చేసేయండి. మార్చే పని తీరిగ్గా చేద్దాం.

## 2. ఎప్పుడు చేయాలి, ఏమేం దగ్గర పెట్టుకోవాలి

యాసంగి వడ్లు వచ్చే ఏప్రిల్, మే నెలల్లో, వానాకాలం పంట దిగే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈ పని పెట్టుకోకండి. డ్రైయర్లు రాత్రింబవళ్లు నడుస్తుంటాయి, ఒక్క గంట రీడింగ్ పోయినా లెక్క తేడా వస్తుంది. రెండు పంటల మధ్య మిల్లు మెయింటెనెన్స్‌కు ఆపే రోజులుంటాయి కదా, అప్పుడు చేయండి.

బయల్దేరే ముందు ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- ఇప్పుడు నడుస్తున్న ఎస్‌డీ కార్డు పూర్తి ఇమేజ్, దాన్ని రాసిన రెండో కార్డు. ఉత్త కోడ్ కాపీ సరిపోదు.
- పాత వెన్వ్‌లో పిప్ ఫ్రీజ్ ఇచ్చిన లిస్టు, ఫైల్లో దాచింది.
- ప్రతి మీటర్ స్లేవ్ అడ్రస్ (లైన్ మీద ఆ మీటర్ నంబర్), బాడ్ రేట్ (డేటా వేగం), పారిటీ (తప్పు పట్టే బిట్). మీటర్ మెనూలోకి వెళ్లి చూసి రాసుకున్నవి. ఎవరో ఎప్పుడో పేపర్ మీద రాసినవాటిని నమ్మకండి.
- ప్రతి మోడల్ మీటర్ రిజిస్టర్ మ్యాప్, అంటే మీటర్ మెమరీలో ఏ నంబర్ గడిలో (రిజిస్టర్‌లో) ఏ విలువ ఉందో చెప్పే పట్టిక. మాన్యువల్లో ఆ పేజీ ఫోటో ఉన్నా చాలు.
- ఒక స్పేర్ యూఎస్‌బీ టు 485 కన్వర్టర్ (మీటర్లన్నీ కలిసే ఆర్‌ఎస్ 485 వైరు లైన్‌ను యూఎస్‌బీకి కలిపేది). రెండుంటే ఇంకా మంచిది, ఎందుకో 8వ మెట్టులో చెప్తాను.
- పాత కోడ్ గిట్‌లో, "2.5.3తో నడుస్తున్నది" అనే ట్యాగ్‌తో.

కన్వర్టర్ పేరు టీటీవై యూఎస్‌బీ 0 అని కోడ్‌లో నేరుగా రాసి ఉంటే ఇప్పుడే మార్చేయండి. రెండో కన్వర్టర్ పెట్టగానే 0, 1 తారుమారు కావచ్చు. డివ్, సీరియల్, బై ఐడీ ఫోల్డర్‌లో కన్వర్టర్‌కు పూర్తి పేరు ఉంటుంది, దాన్ని వాడండి. కొన్ని చవక కన్వర్టర్లకు సీరియల్ నంబర్ ఉండదు, ఒకే రకం రెండు పెడితే పేరు కూడా ఒకటే వస్తుంది. అలాంటివి ఉంటే బై పాత్ వాడండి.

## 3. పాత రీడింగులను సాక్ష్యంగా దాచుకోండి

ఈ మెట్టు దాదాపు ఎవరూ చేయరు. నేను మాత్రం ఇది చేయకుండా కోడ్ ముట్టుకోను.

పాత ప్రోగ్రామ్‌లో మీటర్ చదివే చోట ఒక్క లైన్ కలపండి. టైమ్, స్లేవ్ అడ్రస్, రిజిస్టర్ అడ్రస్, వచ్చిన ముడి రిజిస్టర్ల లిస్టు, వాటి నుంచి లెక్క కట్టిన అంకె, ఈ ఐదూ ఒక ఫైల్లో పడాలి. ఒక గంట నడవనివ్వండి. అదే సమయంలో నాలుగైదు మీటర్ల డిస్‌ప్లే ఫోటోలు ఫోన్‌తో తీయండి.

ముడి రిజిస్టర్లు ఎందుకంటే, తర్వాత మీటర్ దగ్గరికి వెళ్లకుండా ఇంట్లోనే కొత్త కోడ్‌కు అవే రిజిస్టర్లు ఇచ్చి అదే అంకె వస్తోందో లేదో చూసుకోవచ్చు. ఉదాహరణకు నా దగ్గర వోల్టేజ్ లైన్ ఒకటి ఇలా ఉంది: రిజిస్టర్లు 17254, 32768. అంకె 230.5. ఈ జంటను గుర్తుపెట్టుకోండి, 6.6లో మళ్లీ వస్తుంది.

## 4. ఏ వెర్షన్‌కు వెళ్లాలో ముందు తేల్చుకోండి

"3కి మారాలి" అంటే సరిపోదు. 3 శ్రేణి లోపల కూడా పేర్లు మారాయి. మీటర్ అడ్రస్ ఇచ్చే ఆర్గ్యుమెంట్‌నే చూడండి: 2లో యూనిట్, 3.0లో స్లేవ్, 3.10 నుంచి డివైస్ ఐడీ. ఇంటర్నెట్‌లో దొరికే ఉదాహరణలు ఈ మూడు కాలాలవీ కలగలిసి ఉంటాయి. ఒకచోటిది సగం, ఇంకోచోటిది సగం అతికిస్తే ఏ వెర్షన్‌లోనూ నడవని కోడ్ తయారవుతుంది.

నా సలహా, మధ్యలో ఆగకుండా నేరుగా 3.10 లేదా ఆ పైదానికి వెళ్లండి. 3.2కి ఒకసారి, 3.10కి ఇంకోసారి మార్చడమంటే ఒకే పని రెండుసార్లు. అయితే కొత్త 3లకు పైథాన్ 3.10 లేదా ఆ పైన కావాలి. బుక్‌వార్మ్‌లో 3.11 ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. దానికి ముందరి ఓఎస్ బుల్స్‌ఐలో ఉన్నది 3.9, అక్కడ ముందు ఓఎస్ మార్చుకోవాలి.

కొత్త వెన్వ్ చేసి లైబ్రరీ వేసేటప్పుడు ఒకటి మరిచిపోకండి. 2లో పైసీరియల్ (సీరియల్ పోర్టుతో మాట్లాడే లైబ్రరీ) దానంతట అదే వచ్చేది. 3లో రాదు. పైసీరియల్‌ను విడిగా వేయాలి, లేదా పైమాడ్‌బస్ పేరు పక్కన స్క్వేర్ బ్రాకెట్లలో సీరియల్ అని పెట్టి ఇన్‌స్టాల్ చేయాలి. టీసీపీ గేట్‌వే ద్వారా, అంటే నెట్‌వర్క్ మీద మాత్రమే చదివేవాళ్లకు దీనితో పనిలేదు.

వేసిన వెర్షన్‌ను రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో పూర్తి నంబర్‌తో రాయండి. "3 లేదా ఆపైన" అని వదిలేస్తే, వచ్చే ఏడాది ఇంకో కార్డు పోయినప్పుడు మళ్లీ ఇదే కథ.

## 5. లైబ్రరీ పేరు ఒకే ఫైల్లోకి తెచ్చుకోండి

పాత ప్రోగ్రామ్ తెరిచి, పైమాడ్‌బస్ అనే మాట ఎన్ని ఫైళ్లలో ఉందో గ్రెప్ కొట్టి చూడండి. మిల్లు ప్రోగ్రామ్‌లు ఒక్కొక్కరు ఒక్కో ఏడాది అతికిస్తూ పోయినవి కాబట్టి డ్రైయర్ ఫైల్లో, బాయిలర్ ఫైల్లో, బిల్లు రిపోర్ట్ ఫైల్లో ఇలా అన్నిట్లో ఉంటుంది.

కొత్త వెర్షన్ ముట్టుకోకముందే, ఇంకా 2.5.3 మీదే ఉండగానే, దీన్ని సర్దండి. "మీటర్" అని ఒక ఫైల్ పెట్టి అందులో మూడే ఫంక్షన్లు రాయండి:

- లైన్ తెరవడం
- స్లేవ్ అడ్రస్, మొదటి రిజిస్టర్, ఎన్ని రిజిస్టర్లు అని ఇస్తే ముడి లిస్టు తిరిగి ఇవ్వడం, రాకపోతే నన్ (పైథాన్‌లో ఖాళీ విలువ) ఇవ్వడం
- ముడి లిస్టును అంకెగా మార్చడం

మిగతా ఫైళ్లన్నీ ఈ మూడింటినే పిలవాలి. ఇలా సర్దాక పాత లైబ్రరీతోనే ఒక రోజు నడిపి, 3వ మెట్టులో దాచిన అంకెలతో పోల్చండి. ఇక్కడ తేడా వస్తే అది మీరు సర్దడంలో చేసిన తప్పు, లైబ్రరీ తప్పు కాదు. రెండు రకాల మార్పులను ఒకేసారి చేస్తే ఏది ఎక్కడ చెడిందో తేల్చడం కష్టం, అందుకే విడదీస్తున్నాం.

## 6. ఇప్పుడు మార్పులు, ఇదే వరుసలో

ఇక నుంచి మార్చేది ఆ ఒక్క మీటర్ ఫైలే.

### 6.1 ఇంపోర్ట్

పాతది: పైమాడ్‌బస్ డాట్ క్లయింట్ డాట్ సింక్ నుంచి మాడ్‌బస్ సీరియల్ క్లయింట్. కొత్తది: పైమాడ్‌బస్ డాట్ క్లయింట్ నుంచి అదే పేరు. చివరి "డాట్ సింక్" తీసేస్తే చాలు.

ముందు అసింక్ అనే మాట ఉన్న క్లయింట్ కూడా అక్కడే కనిపిస్తుంది. దాన్ని వాడాలంటే ప్రతి పిలుపు ముందు అవెయిట్ కావాలి, ప్రోగ్రామ్ అమరికే మారుతుంది. ఒకే 485 లైన్ మీద ఎలాగూ ఒకరి తర్వాత ఒకరే మాట్లాడాలి, కాబట్టి ఇరవై ముప్పై మీటర్లకు సింక్ ధారాళంగా సరిపోతుంది.

### 6.2 క్లయింట్ తయారుచేసే లైన్

పాత లైన్లో మెథడ్ అంటే ఆర్‌టీయూ (నేరుగా బైట్లుగా పంపే మాడ్‌బస్ రకం) అని ఉంటుంది. కొత్తదాంట్లో మెథడ్ లేదు, సీరియల్ క్లయింట్ మామూలుగానే ఆర్‌టీయూ. ఏఎస్‌సీఐఐ (అక్షరాలుగా పంపే రకం) మీటర్ అయితే మాత్రం ఫ్రేమర్ అనే ఆర్గ్యుమెంట్‌కు ఫ్రేమర్ టైప్ డాట్ ఏఎస్‌సీఐఐ ఇవ్వాలి.

పేరు రాయకుండా మొదటి స్థానంలోనే ఆర్‌టీయూ అని ఇచ్చిన పాత కోడ్ చాలా ఉంది. 3లో మొదటి స్థానం పోర్ట్‌ది. కాబట్టి "పోర్ట్‌కు రెండు విలువలు వచ్చాయి" అని ఎర్రర్ వస్తుంది. అన్నీ పేర్లతోనే ఇవ్వండి: పోర్ట్, బాడ్ రేట్, పారిటీ, స్టాప్ బిట్స్, బైట్ సైజ్ (వీటిలో రెండు మాటల పేర్లను అండర్‌స్కోర్ లేకుండా కలిపి రాయాలి). ఒక్కటి కూడా డిఫాల్ట్‌కు వదలకండి, ఎందుకంటే లైబ్రరీ డిఫాల్ట్ బాడ్ రేట్ 19200, మన దగ్గర మీటర్లు ఎక్కువగా 9600 మీద ఉంటాయి.

రిట్రై ఆన్ ఎంప్టీ లాంటి పాత ఆర్గ్యుమెంట్లు కనిపిస్తే తీసేయండి.

### 6.3 మీటర్ అడ్రస్: ఎక్కువమంది పడేది ఇక్కడే

యూనిట్ అని ఉన్న ప్రతిచోటా డివైస్ ఐడీ అని మార్చండి. చెప్పడానికి ఒక్క మాటే, కానీ ఇది నా సగం రోజు తినేసింది.

మిర్యాలగూడలో ఒక మిల్లు, ఎనిమిది మీటర్లు. తొలి 3 వెర్షన్లలో ఒకటి వేసి నడిపాను. ఎర్రర్ ఏమీ లేదు, రీడింగ్ ఒక్కటీ లేదు. సేటు వచ్చి "ఏంది తమ్మీ, బోర్డు మీద అన్నీ గీతలే వస్తున్నయ్" అన్నాడు. లైన్ తెగిందనుకుని ప్యానెల్స్ అన్నీ విప్పి ఏ, బీ వైర్లు బిగించాను, కన్వర్టర్ మార్చాను, చివర్లో ఉండే 120 ఓమ్ రెసిస్టర్ కూడా తీసి చూశాను. మధ్యాహ్నం దాకా ఇదే. చివరికి డీబగ్ లాగ్ ఆన్ చేస్తే, వెళ్తున్న ఫ్రేమ్‌లో మొదటి బైట్ ప్రతిసారీ సున్నా.

సున్నా అంటే బ్రాడ్‌కాస్ట్. దానికి ఏ మీటరూ జవాబివ్వకూడదు, అది మాడ్‌బస్ నియమం. నేను యూనిట్ అంటే 5 అని పంపుతూనే ఉన్నాను, ఆ వెర్షన్ మాత్రం ఆ పేరు తెలియకపోయినా ఎర్రర్ ఇవ్వకుండా పక్కన పడేసి, తన డిఫాల్ట్ అయిన సున్నాను పంపింది. తర్వాతి వెర్షన్లు అలా మింగవు, తెలియని ఆర్గ్యుమెంట్ అని అక్కడికక్కడే టైప్ ఎర్రర్ ఇస్తాయి. నేరుగా కొత్తదానికి వెళ్లమన్నది ఇందుకు కూడా.

కొత్తవాటిలో ఇంకో ప్రమాదం ఉంది. టైప్ ఎర్రర్ వచ్చింది కదా అని కొందరు యూనిట్‌ను మార్చకుండా తీసేస్తారు. అప్పుడు డిఫాల్ట్ 1 వెళ్తుంది, ఎనిమిది మీటర్ల పేరు మీదా 1వ మీటర్ రీడింగే పడుతుంది. ఎర్రర్ ఉండదు, అంకెలు చూడటానికి బాగుంటాయి. డ్రైయర్, పాలిషర్, ఎలివేటర్ అన్నీ ఒకే ఆంపియర్లు తాగుతున్నాయంటే వెంటనే ఇక్కడికే రండి.

చూసుకునే పద్ధతి: పైమాడ్‌బస్ అప్లై లాగింగ్ కాన్ఫిగ్ అనే ఫంక్షన్‌కు డీబగ్ అని ఇచ్చి నడపండి. 1వ మీటర్‌లో సున్నా నుంచి రెండు హోల్డింగ్ రిజిస్టర్లు అడిగితే లైన్ మీదికి వెళ్లే ఎనిమిది బైట్లు ఇవి:

01 03 00 00 00 02 సీ4 0బీ

మొదటిది మీటర్ అడ్రస్, రెండోది ఫంక్షన్ కోడ్, తర్వాత రెండు మొదటి రిజిస్టర్, ఆ తర్వాత రెండు ఎన్ని కావాలో, చివరి రెండు సీఆర్‌సీ (దారిలో బైట్లు చెడ్డాయో లేదో పట్టే లెక్క). 5వ మీటర్‌ను అడిగినప్పుడు మొదటి బైట్ 05 కనిపించాలి. కనిపించకపోతే స్క్రూడ్రైవర్ ముట్టుకోకండి, తప్పు కోడ్‌లో ఉంది.

### 6.4 కౌంట్

పాతదాంట్లో మొదటి రిజిస్టర్ తర్వాత కామా పెట్టి 2 అని రాసేవాళ్లం. కొత్తదాంట్లో కౌంట్ అనే పేరుతోనే ఇవ్వాలి, లేకపోతే టైప్ ఎర్రర్. ఒక్కసారికి గరిష్ఠంగా 125 రిజిస్టర్లన్న హద్దు మాడ్‌బస్‌ది, అది మారలేదు.

రిజిస్టర్ అడ్రస్ కూడా మారలేదు. మాన్యువల్లో 40001 అంటే కోడ్‌లో సున్నా, 2లోనూ అంతే, 3లోనూ అంతే. రీడింగ్ రాకపోతే ఒకటి కలిపి, ఒకటి తీసి చూడటం మనకు అలవాటు. ఈ పనిలో ఉన్నన్ని రోజులు ఆ అలవాటు మానుకోండి. పాత కోడ్‌లో పనిచేసిన అడ్రస్ కొత్తదాంట్లోనూ సరైనదే.

### 6.5 జవాబు రానప్పుడు

2లో మీటర్ పలక్కపోతే ఎర్రర్ ఒక వస్తువుగా చేతికి వచ్చేది. ఈజ్ ఎర్రర్ అని అడిగితే ట్రూ అనేది, ప్రోగ్రామ్ ముందుకు పోయేది. కొత్త 3లో జవాబు రాకపోతే ఎక్సెప్షన్ లేస్తుంది. పట్టుకోకపోతే ప్రోగ్రామ్ అక్కడే చచ్చిపోతుంది. రాత్రి ఒక ప్యానెల్‌కు కరెంటు పోతే మిగతా ఏడు మీటర్ల రీడింగులు కూడా పొద్దున దాకా ఉండవు.

రెండూ పెట్టండి. చదివే పిలుపును ట్రైలో పెట్టి మాడ్‌బస్ ఎక్సెప్షన్‌ను పట్టుకోండి, జవాబు వచ్చాక ఈజ్ ఎర్రర్ కూడా అడగండి. ఈజ్ ఎర్రర్ ఇంకా ఎందుకంటే, మీటర్ పలికి "ఈ రిజిస్టర్ నా దగ్గర లేదు" అని చెప్పే సందర్భం ఇప్పటికీ ఆ దారిలోనే వస్తుంది. ఎక్సెప్షన్ కోడ్ 2 అంటే అదే.

ఎర్రర్ వచ్చినప్పుడు సున్నా రాయకండి, ఖాళీగా వదలండి. యూనిట్ల మీటర్ 48210 దగ్గర ఉండి మధ్యలో ఒక సున్నా పడితే, ఆ రోజు వాడకం లెక్కలో 48210 యూనిట్లు అదనంగా దూరుతాయి. పాత కోడ్‌లో ఉత్త ఎక్సెప్ట్ పెట్టి కింద సున్నా రాసిన చోట్లు చాలా చూశాను, ఇదే సందుగా వాటిని కూడా శుభ్రం చేయండి.

### 6.6 ఫ్లోట్, 32 బిట్ అంకెలు

రిజిస్టర్లను అంకెగా మార్చే పాత బైనరీ పేలోడ్ డీకోడర్ 3.10లో లేదు. దాని బదులు క్లయింట్‌కే కన్వర్ట్ ఫ్రమ్ రిజిస్టర్స్ అనే ఫంక్షన్ ఉంది. రిజిస్టర్ల లిస్టు, డేటా టైప్, వర్డ్ ఆర్డర్ (రెండు రిజిస్టర్లలో పెద్ద భాగం ముందుంటే బిగ్, చిన్న భాగం ముందుంటే లిటిల్) ఇస్తే అంకె చేతికిస్తుంది. డేటా టైప్‌లో ఫ్లోట్ 32, ఇంట్ 32, యూఇంట్ 32 లాంటివి ఉన్నాయి.

వర్డ్ ఆర్డర్ దగ్గర జాగ్రత్త. ఇవ్వకపోతే బిగ్ అనుకుంటుంది. పాత కోడ్‌లో వర్డ్ ఆర్డర్ లిటిల్ అని ఉంటే ఇక్కడ కూడా లిటిల్ అని రాయాలి.

ఇందాకటి జంట తీసుకోండి, 17254, 32768. బిగ్‌తో మారిస్తే 230.5. అవే రెండింటినీ తలకిందులుగా మారిస్తే సున్నాకు అతి దగ్గరగా ఉండే ఒక మైనస్ అంకె వస్తుంది, దశాంశం తర్వాత నలభై సున్నాలు. రెండు దశాంశాలకు కుదించి చూపించే స్క్రీన్ మీద అది మైనస్ 0.00 అని పడుతుంది. ఎప్పుడైనా మైనస్ 0.00 కనిపించిందా, ఫేజ్ పోయిందని పరిగెత్తకండి, వర్డ్ ఆర్డర్ తిరగబడింది.

పాత కోడ్‌లో బైట్ ఆర్డర్ లిటిల్ అని కూడా ఉంటే కొంచెం పని ఎక్కువ. కొత్త ఫంక్షన్‌లో బైట్ ఆర్డర్ అనే మాటే లేదు. ప్రతి రిజిస్టర్‌లో పై ఎనిమిది బిట్లను, కింది ఎనిమిది బిట్లను మీరే తారుమారు చేసి, ఆ తర్వాత ఇవ్వాలి. అలాంటి మీటర్లు అరుదు. పైగా పాత డీకోడర్‌కు మీరు బైట్ ఆర్డర్ ఇవ్వకపోతే అది లిటిల్ అనుకునేది, కాబట్టి అసలు ఏమీ రాయని కోడ్ కూడా ఈ కోవలోకే వస్తుంది. మీకు ఏది కావాలో ఊహించకండి, దాచిన ముడి రిజిస్టర్లే చెబుతాయి.

ఈ మెట్టు ఇంట్లోనే ముగించవచ్చు. 3వ మెట్టు ఫైల్లోని ప్రతి లైన్‌ను కొత్త ఫంక్షన్‌కు ఇచ్చి పాత అంకెతో పోల్చే చిన్న స్క్రిప్ట్ రాయండి. ఒక్క లైన్ తేడా వచ్చినా ముందుకు పోకండి.

## 7. టైమవుట్, రిట్రైస్

కొత్త క్లయింట్ డిఫాల్ట్ టైమవుట్ 3 సెకన్లు, రిట్రైస్ 3. అంటే పలకని మీటర్ కోసం మొదటిసారితో కలిపి నాలుగుసార్లు అడుగుతుంది, దాదాపు 12 సెకన్లు. మిల్లు ఆపి ఉన్నప్పుడు ఎనిమిదింటిలో ఐదు మీటర్లకు కరెంటు లేకపోతే ఒక్క రౌండుకే నిమిషం. పది సెకన్లకోసారి చదవాల్సిన ప్రోగ్రామ్ వెనకబడిపోతుంది, లైబ్రరీ స్లో అయిందని అనుకుంటారు.

నేను టైమవుట్ 1 సెకను, రిట్రైస్ 1 పెడతాను. 9600 మీద మామూలు మీటర్ సెకనులో ఎంతో కొంత ముందే పలుకుతుంది. రేడియో లింక్ మీద దూరపు బోరు మోటారు స్టార్టర్‌ను చదువుతుంటే మాత్రం టైమవుట్ 2 లేదా 3 ఉంచండి.

మీటర్‌కు, మీటర్‌కు మధ్య కొద్దిగా ఆగండి. ఆర్‌టీయూలో ఫ్రేమ్‌ల మధ్య మూడున్నర అక్షరాల మౌనం ఉండాలి, 9600 దగ్గర అది దాదాపు 4 మిల్లీసెకన్లు. లైబ్రరీ దాన్ని చూసుకుంటుంది, అయినా పాత మీటర్లు కొన్ని నిదానం. 50 మిల్లీసెకన్లు స్లీప్ పెడితే నష్టం లేదు.

## 8. ముందు బల్ల మీద పరీక్ష

స్పేర్ మీటర్ ఉంటే ఇంట్లో బల్ల మీద పెట్టి కన్వర్టర్‌కు కట్టండి. లేకపోతే రెండు కన్వర్టర్లను ఏకు ఏ, బీకి బీ కలపండి. ఒకవైపు మీ ప్రోగ్రామ్, ఇంకోవైపు పైమాడ్‌బస్ సర్వర్‌తో ఉత్తుత్తి మీటర్. కన్వర్టర్లు కూడా లేకపోతే లినక్స్‌లో సోక్యాట్‌తో రెండు వర్చువల్ పోర్టులు కలిపి చేయవచ్చు. పాత సర్వర్ కోడ్ వాడేవాళ్లు మాడ్‌బస్ స్లేవ్ కాంటెక్స్ట్ పేరును మాడ్‌బస్ డివైస్ కాంటెక్స్ట్‌గా మార్చుకోవాలి.

బల్ల మీద ఇవి కావాలని చెడగొట్టి చూడండి:

- చదువుతుండగా ఏ వైరు పీకండి. ప్రోగ్రామ్ బతికి ఉండాలి, ఫైల్లో ఖాళీ పడాలి.
- మళ్లీ పెట్టండి. ఎవరూ రీస్టార్ట్ చేయకుండా రీడింగ్ తిరిగి రావాలి.
- యూఎస్‌బీ కన్వర్టర్‌నే పీకి పెట్టండి. తిరిగి రాకపోతే, ప్రతి రౌండ్ మొదట్లో లైన్ తెరిచి ఉందో లేదో చూసి, లేకపోతే మళ్లీ తెరిచే లైన్ రాయండి.
- లేని రిజిస్టర్ అడగండి. ఎక్సెప్షన్ కోడ్ 2 లాగ్‌లో కనిపించాలి.

## 9. మిల్లులో

పాత ప్రోగ్రామ్‌ను, కొత్తదాన్ని ఒకే లైన్ మీద పక్కపక్కన నడిపి పోల్చుకుందామని అనిపిస్తుంది. అలా చేయకండి. ఒక 485 లైన్ మీద అడిగేవాడు ఒక్కడే ఉండాలి. ఇద్దరు అడిగితే ఫ్రేమ్‌లు గుద్దుకుంటాయి, రెండు ప్రోగ్రామ్‌లలోనూ సీఆర్‌సీ ఎర్రర్లు వస్తాయి, తప్పు ఎవరిదో తేలదు.

వరుస ఇది:

1. పాత సర్వీస్ ఆపండి, నిజంగా ఆగిందో లేదో స్టేటస్ చూడండి. రీస్టార్ట్ ఆల్వేస్ అని పెట్టి, ప్రాసెస్‌ను చేత్తో చంపితే అది మళ్లీ లేస్తుంది, సిస్టమ్‌సీటీఎల్‌తోనే ఆపండి.
2. కొత్త వెన్వ్‌తో ఒక్క మీటర్ మాత్రమే చదవండి. 1వ మీటర్ వద్దు, 3 లేదా 5 తీసుకోండి, డిఫాల్ట్ అడ్రస్ తప్పు ఉంటే బయటపడుతుంది.
3. ఒక మనిషిని మీటర్ ముందు నిలబెట్టి వోల్టేజ్, ఆంపియర్, యూనిట్లు గట్టిగా చదవమనండి. మీరు స్క్రీన్ మీద చూడండి.
4. మిగతా మీటర్లను ఒక్కొక్కటిగా కలపండి, ప్రతిదానికీ 3వ పని మళ్లీ.
5. అన్నీ కలిశాక గంటసేపు నడిపి, లాగ్‌లో ఒక రౌండుకు ఎంతసేపు పడుతోందో చూడండి.

ఆంపియర్ క్షణక్షణం మారుతుంది, కాబట్టి దాంట్లో చిన్న తేడా పట్టించుకోకండి. యూనిట్ల అంకె మాత్రం అక్షరాలా కలవాలి.

## 10. మొరాయిస్తే

సీరియల్ అనే మాడ్యూల్ లేదంటోంది. పైసీరియల్ వేయలేదు, లేదా వేరే వెన్వ్‌లో వేశారు. సర్వీస్ ఫైల్లో పైథాన్ పాత్ కొత్త వెన్వ్‌దేనా చూడండి.

పర్మిషన్ డినైడ్. కొత్త ఓఎస్‌లో యూజర్‌ను డయల్‌అవుట్ గ్రూపులో కలపలేదు. కలిపాక లాగవుట్ అయి రావాలి.

అసలు జవాబే లేదు. డీబగ్‌లో మొదటి బైట్ చూడండి. అది సరిగ్గా ఉంటే బాడ్ రేట్, పారిటీ. అవీ సరే అయితే అప్పుడు వైర్లు.

అప్పుడప్పుడు వస్తోంది, అప్పుడప్పుడు పోతోంది. పాత సర్వీస్ ఇంకా బతికే ఉందేమో చూడండి. నేను చూసినవాటిలో ఎక్కువ అదే.

అంకె 65 వేల దగ్గర ఆడుతోంది. మైనస్ అంకెను గుర్తు లేని 16 బిట్ అంకెగా చదువుతున్నారు. డేటా టైప్‌ను ఇంట్ 16 చేయండి.

## 11. కొత్తదాన్ని నిలబెట్టాక

సర్వీస్ ఫైల్లో పాత్ మార్చి, పై ఒకసారి ఆపి ఆన్ చేసి చూడండి, దానంతట అది లేవాలి. పాత వెన్వ్‌ను, పాత సర్వీస్ ఫైల్‌ను అప్పుడే తీసేయకండి, డిజేబుల్ చేసి ఉంచండి. రెండో ఎస్‌డీ కార్డు ప్యానెల్ తలుపు లోపల కవర్లో పెట్టి, దాని మీద "2.5.3, పాతది" అని స్కెచ్‌తో రాయండి. మీరు నల్లగొండలో ఉన్నప్పుడు దేవరకొండ నుంచి ఫోన్ వస్తే, గుమాస్తా చేత కార్డు మార్పించి పని నడిపించవచ్చు.

ఆ తర్వాత రోజూ పొద్దున ఒక మీటర్ ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకుని మీ ఫైల్లోని యూనిట్లతో కలపండి. రోజుకో మీటర్. ఎనిమిది మీటర్లైతే ఎనిమిది రోజులు, అన్నీ కలిశాక పాత వెన్వ్ తీసేయండి.